నలభై దాటాక తెరిచే ఖాతా

పొదుపు మీద ఉపదేశం చేసేవారందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. నెలకు 5 వేల రూపాయల చొప్పున 25వ ఏట నుంచి 60వ ఏటి వరకు దాచి, ఏడాదికి 8 శాతం వడ్డీ నెలనెలా అసలులో కలుస్తూ పోతే చివరికి సుమారు 1 కోటి 14 లక్షలు చేతికొస్తాయి. అదే మొత్తాన్ని 45వ ఏట దాచడం మొదలుపెట్టిన మనిషికి 60 ఏళ్ల నాటికి వచ్చేది 17 లక్షల పైచిలుకు మాత్రమే. మొదటివాడిని అందుకోవాలంటే రెండోవాడు నెలకు 33 వేలకు పైగా దాచాలి. ఇరవై ఏళ్ల ఆలస్యానికి చక్రవడ్డీ వేసే జరిమానా ఇది.

అయితే ఆ ఉపదేశకులు అడగని ప్రశ్న ఒకటుంది. 25వ ఏట 5 వేలు పక్కన పెట్టగలిగినవారు ఎవరు? 45 దాకా ఆగవలసి వచ్చినవారు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబును వ్యక్తుల క్రమశిక్షణలో వెతికితే దొరకదు. ఈ దేశంలో కులం భూమిని పంచింది, బడిని పంచింది, కొలువును పంచింది. వాటితోపాటు కాలాన్ని కూడా పంచింది. కొందరికి ముందుగానూ, ఎక్కువమందికి ఆలస్యంగానూ జీవితం మొదలయ్యేట్టు చేసింది. నడివయసులో ఖాళీగా కనిపించే పొదుపు ఖాతా వెనుక ఉన్నది ఈ పంపకమే.

నాకు 51 ఏళ్లు. జనగామ ప్రాంతపు మాదిగ కుటుంబంలో పుట్టి, డిగ్రీ చదివి, నగరానికి వచ్చి అంబర్‌పేట్‌లో అద్దెకుంటున్నాను. రామంతాపూర్, హబ్సిగూడల మీదుగా రోజూ నాచారం పారిశ్రామికవాడకు వెళ్లి, అక్కడొక చిన్న పరిశ్రమలో లెక్కలు రాస్తాను. జీతాల పట్టిక, పీఎఫ్ చందా, ఈఎస్ఐ చందా నా బల్ల మీదుగానే పోతాయి. కనుక పాతికేళ్లుగా ఒక తరం శ్రామికుల నడివయసును అంకెల రూపంలో చూస్తున్నాను. భువనగిరి నుంచో, నల్లగొండ నుంచో బస్సెక్కి ఉప్పల్ చౌరస్తాలో దిగి, ఏదో ఒక షెడ్డులో పనికి కుదిరినవారు వీరు. యాభై దగ్గరపడ్డాక ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడతారు. "సార్, ఇంక ఎనిమిదేండ్లల్ల దిగిపోతా. నాకు పింఛను ఎంతొస్తది?" అని అడుగుతారు. లెక్క వేసి చెప్పాక కాసేపు మాట్లాడరు. ఆ మౌనం నాకు బాగా అలవాటైంది.

ఈ మౌనం అర్థం కావాలంటే డబ్బు ఏ దిక్కుకు ప్రవహిస్తుందో చూడాలి. ఆస్తి ఉన్న కులాల్లో డబ్బు పైతరం నుంచి కింది తరానికి దిగుతుంది. తాత భూమి తండ్రికి, తండ్రి ఇల్లు కొడుకుకు చేరుతుంది. మా ఇళ్లలో అది ఎదురెక్కుతుంది. చదువుకున్న మొదటి బిడ్డ జీతం పైతరం అప్పు తీర్చడానికి, చెల్లెళ్ల పెళ్లిళ్లకు, తమ్ముళ్ల చదువుకు, ఊళ్లో కూలిపోయిన గోడకు పోతుంది. 1999లో నా తొలి జీతం 2,400 రూపాయలు. అందులో సగం మా నాయన ఊళ్లో చేసిన అప్పుకే వెళ్లేది. ఆ అప్పు తీరేసరికి చెల్లెలి పెళ్లి, అది దాటేసరికి తమ్ముడి బీఈడీ ఫీజు. తర్వాత అమ్మ మందులు. దీనిని నేను భారంగా చెప్పడం లేదు. ఆ డబ్బుతోనే మా ఇంట్లో ముగ్గురు కూలి నుంచి బయటపడ్డారు. కానీ ప్రభుత్వం గానీ, సమాజం గానీ మోయవలసిన ఖర్చును ఒక మనిషి యవ్వనం మోసింది. ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఆ మొత్తం పొదుపుగా కనిపించదు.

నాతోపాటు అదే ఏడాది, దాదాపు అదే జీతానికి చేరిన ఒక అగ్రకుల మిత్రుడున్నాడు. కష్టజీవి, మంచివాడు. ఉప్పల్ దగ్గర వాళ్ల నాయన ఎప్పుడో కొన్న జాగాలో ఇల్లు ఉంది. పాతికేళ్లలో అతడు ఒక్క నెల కూడా అద్దె కట్టలేదు. ఊరినుంచి ఏటా బియ్యం వస్తాయి. పెళ్లయిన కొత్తలోనే మామగారి సలహాతో పీపీఎఫ్ ఖాతా తెరిచాడు. ఒకప్పటి పొలాలు ప్లాట్లయి, ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ నగరంలో కలిసిపోయిన క్రమంలో ఆ జాగా విలువ అతడి జీవితకాలపు జీతాన్ని దాటిపోయింది. అదే పొలాల్లో తరతరాలుగా కూలి చేసినవారికి మిగిలింది అద్దె గది. ఇద్దరి జీతాలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు తేడా ఏమీ కనబడదు. కూడబెట్టినదానిని పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు దేశాలు కనబడతాయి.

ఇక అప్పు. తాకట్టు పెట్టడానికి ఆస్తి, పూచీ పడటానికి పలుకుబడి గల బంధువు ఉన్నవాడికి బ్యాంకు తక్కువ వడ్డీకి ఇంటి రుణమిస్తుంది. ఆ రెండూ లేనివాడికి గిరిగిరి వ్యాపారి, చిట్టీ పాట, బంగారం కుదువ కొట్టు దిక్కు. మన బస్తీల్లో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్న మాట. ఏడాదికి అది 36 శాతం. లక్ష రూపాయల అప్పు మీద నెలకు 3 వేలు, మూడేళ్లు తిరగకముందే వడ్డీయే అసలును దాటిపోతుంది. అసలు మాత్రం అసలుగానే ఉంటుంది. దాచుకున్నవాడికి 8 శాతం, అప్పు చేసినవాడి మీద 36 శాతం. చక్రవడ్డీ రెండు కులాల ఇళ్లలోనూ పనిచేస్తుంది. ఒక ఇంట్లో అది ఇంటివాడి తరఫున, మరో ఇంట్లో ఇంటివాడి మీద పనిచేస్తుంది.

దళిత బహుజనులు ఆడంబరాలకు అప్పు చేస్తారన్న నింద తరచూ వింటుంటాం. నా బల్ల దగ్గరికి అడ్వాన్సు కోసం వచ్చేవారు చెప్పే కారణాలు మూడే మూడు: ఆసుపత్రి, చదువు, పెళ్లి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడి కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వనంటే ఆ ఫీజు తండ్రి అప్పు తెచ్చి కడతాడు. ప్రభుత్వం విద్యార్థికి బాకీ పడిన మొత్తం ఒక శ్రామికుడి వృద్ధాప్యం నుంచి తీసుకున్న చేబదులుగా మారుతోంది. దానికి వడ్డీ కట్టేది ఆ శ్రామికుడే.

ఇలా ఇరవై ఏళ్లు గడిచి, పిల్లలు ఎదిగొచ్చి, పెద్దల అప్పులు తీరి, నాలుగు రూపాయలు మిగిలే వేళకు మనిషికి నలభై దాటుతుంది. సరిగ్గా అప్పుడే తలుపు మూసుకుంటుంది. అసంఘటిత రంగానికని 2015లో కేంద్రం తెచ్చిన అటల్ పెన్షన్ యోజనలో చేరే వయసు 18 నుంచి 40. పద్దెనిమిదేళ్లకే చేరినవాడు నెలకు 210 రూపాయలు కట్టి 60 తర్వాత 5 వేల పింఛను పొందవచ్చు. నలభైలో చేరేవాడు అదే పింఛనుకు నెలకు 1,454 రూపాయలు కట్టాలి. నలభై దాటినవాడికి ప్రవేశమే లేదు. నెలకు 15 వేల లోపు ఆదాయం ఉన్న శ్రామికుల కోసం 2019లో తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పథకానిదీ అదే గడప: 18 నుంచి 40. పేదవాడి పింఛనుకు వయోపరిమితి పెట్టినవారు పేదవాడి చేతిలో ఏ వయసులో డబ్బు మిగులుతుందో చూడలేదు. నియమంలో కులం పేరు ఎక్కడా లేదు. ఫలితంలో మాత్రం కులం నిండా ఉంది.

పీఎఫ్ ఉన్నవారి సంగతి కొంత మెరుగు. అదీ పూర్తిగా కాదు. 1995 నవంబర్‌లో మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలో పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పింఛను లెక్కకు తీసుకునే జీతానికి గరిష్ఠ పరిమితి 2014 సెప్టెంబర్ నుంచి 15 వేలు. ఆ జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. పదేళ్లు పనిచేసినవారికి వచ్చేది నెలకు 2,142 రూపాయలు. ఇరవై ఏళ్లు నిండితే రెండేళ్లు అదనంగా కలిపినా 4,714. కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలుగా నిర్ణయమైంది. మూడు వేలు ఉండాలని 2013లోనే రాజ్యసభ పిటిషన్ల కమిటీ సిఫారసు చేసినా అది వెయ్యి దగ్గరే ఉండిపోయింది. తెలంగాణలో ఏ చందా కట్టని వృద్ధులకిచ్చే ఆసరా పింఛను 2019లోనే 2,016 అయింది. అది ఇంకా పెరగాలి. అయితే జీతంలోంచి ఏళ్ల తరబడి చందా పోయిన కార్మికుడికి అందులో సగం కనీసంగా నిర్ణయించడం ఎక్కడి న్యాయం?

ఆ పదేళ్లైనా అందరికీ నిండవు. పీఎఫ్ చట్టం వర్తించాలంటే సంస్థలో కనీసం 20 మంది ఉండాలి. పారిశ్రామికవాడలోని చిన్న షెడ్లు చాలా ఆ సంఖ్యకు ఇవతలే ఉంటాయి, లేదా ఇవతలే ఉన్నట్టు చూపిస్తాయి. పారిశుధ్యం, లోడింగ్, హౌస్‌కీపింగ్ వంటి పనుల్లో ఎక్కువగా ఉండేది దళితులు, ఆ తర్వాత వెనుకబడిన కులాల స్త్రీలు. ఆ పనులే కాంట్రాక్టుకు పోయాయి. మనిషి అదే, చీపురు అదే, వీధి అదే, రెండు మూడేళ్లకోసారి కాంట్రాక్టరు పేరు మాత్రం మారుతుంది. పేరు మారినప్పుడల్లా పీఎఫ్ ఖాతా కొత్తదవుతుంది, ఐదేళ్లకు రావలసిన గ్రాట్యుటీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పద్దెనిమిదేళ్లు ఊడ్చిన ఒక అక్క కాగితాల్లో నాకు కనబడింది నాలుగు ముక్కల సర్వీసు. వాటిని కలపకపోతే ఏ ముక్కకూ పింఛను లేదు.

ఇక ప్రభుత్వ కొలువు. రిజర్వేషన్ ద్వారా ఒక దళిత కుటుంబం భద్రతలోకి అడుగుపెట్టిన ఏకైక ద్వారం అదే. ఇక్కడ 2004ను గుర్తుంచుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవారికి పాత పింఛను రద్దయి సీపీఎస్ వచ్చింది. రెండు నెలలకు, నవంబర్ 5న, ఎస్సీ వర్గీకరణ చెల్లదని ఈవీ చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న తోసిపుచ్చింది. తెలంగాణలో వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. ఈ రెండు తీర్పుల మధ్య ఇరవై ఏళ్లు. 2004లో 25 ఏళ్ల మాదిగ యువకుడు 2024 నాటికి 45 ఏళ్లవాడు. వ్యాసం మొదట్లో నేను వేసిన లెక్కలోని ఇద్దరు మనుషుల మధ్య ఉన్నది కూడా ఆ ఇరవై ఏళ్లే.

ఆ 45 ఏళ్ల మనిషి 2024లో దరఖాస్తు చేయలేడా అంటే, చేయగలిగాడు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రత్యక్ష నియామకాలకు గరిష్ఠ వయసును 46కు పెంచింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. అంటే అప్పుడు యాభైలో తొలి కొలువు సాధ్యమే. కానీ ఉద్యోగ విరమణ వయసు 61. పది, పదకొండేళ్ల సర్వీసులో సీపీఎస్ ఖాతాలో పోగయ్యేదెంత, దానితో కొనుక్కునే నెలసరి పింఛనెంత? చేరడానికి వయసు సడలించిన రాజ్యం విశ్రాంతికి మాత్రం ఏమీ సడలించలేదు. కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో పదేళ్ల సర్వీసుకే నెలకు కనీసం 10 వేల హామీ ఉంది. ఆలస్యంగా చేరేవారు ఎక్కువగా ఉండే రాష్ట్రానికి ఆ హామీ మరింత అవసరం.

ఉస్మానియా చుట్టుపక్కల గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటున్న మిత్రులకు ఈ లెక్క దూరపు సంగతిలా అనిపించవచ్చు. రాష్ట్రం 2014లో ఏర్పడితే తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. దాని ప్రిలిమ్స్ ఒకసారి లీకేజీతో, మరోసారి హైకోర్టు ఆదేశంతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్. ఈ పదేళ్లలో వెనుక ఆస్తి ఉన్న అభ్యర్థి కొన్నేళ్లు పోగొట్టుకున్నాడు. ఆస్తి లేని అభ్యర్థి ఆ ఏళ్లతోపాటు తన వృద్ధాప్యం నుంచి కూడా కొంత పోగొట్టుకున్నాడు. నోటిఫికేషన్ ఆలస్యాన్ని నిరుద్యోగ సమస్యగా మాత్రమే చూస్తున్నాం. అది పింఛను సమస్య కూడా.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1947లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభ ముందుంచేందుకు సిద్ధం చేసిన 'రాష్ట్రాలు-మైనారిటీలు' పత్రంలో డాక్టర్ అంబేడ్కర్ బీమాను పూర్తిగా ప్రభుత్వ రంగంలో ఉంచాలనీ, వయోజనులందరికీ వారి వేతనానికి తగిన జీవిత బీమా తప్పనిసరి చేయాలనీ ప్రతిపాదించారు. భద్రతను వ్యక్తి తెలివితేటలకు వదిలేస్తే అది ముందే భద్రంగా ఉన్నవాడికే చేరుతుందని ఆయనకు తెలుసు. జీవిత బీమా జాతీయమైంది 1956 సెప్టెంబర్‌లో. ఆ డిసెంబర్‌లోనే ఆయన కన్నుమూశారు. ప్రతిపాదనలోని మొదటి సగం కొంత నెరవేరింది. ప్రతి వయోజనుడికీ అన్న రెండో సగం అలాగే మిగిలింది.

రాజ్యం మారేదాకా నడివయసు ఆగదు గనుక, నా బల్ల దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పే వరుస ఇక్కడ రాస్తాను. ముందుగా మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చాలి. 36 శాతం వడ్డీ ఆపడంకన్నా పెద్ద రాబడి ఏ పథకమూ ఇవ్వదు. వీలైతే పీఎఫ్ అడ్వాన్సు, బ్యాంకు బంగారు రుణం వంటి తక్కువ వడ్డీ దారులతో దాన్ని మార్చుకోవాలి. రెండోది, ఎన్ని కాంట్రాక్టుల కింద పనిచేసినా పాత సర్వీసులన్నీ ఒకే యూఏఎన్ కిందికి బదిలీ చేయించుకోవాలి. పదేళ్లకు కొంచెం తక్కువైతే డబ్బు తీసేయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తొమ్మిదేళ్ల ఆరు నెలలు నిండినా పదేళ్ల కిందే లెక్క. మూడోది, ఇంట్లో సంపాదించే మనిషికి బీమా ఉండాలి. ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి బీమాలో 50 ఏళ్ల వరకు చేరవచ్చు. నాలుగోది, నలభై దాటినవారిని అటల్ పథకం రానివ్వకపోయినా ఎన్‌పీఎస్ రానిస్తుంది. పీఎఫ్ ఉన్నవారు తమ వాటాను స్వచ్ఛందంగా పెంచుకోవచ్చు. మిగిలింది చిన్నమొత్తమే అయినా పదిహేనేళ్లు చిన్న కాలం కాదు.

ఇంతవరకు మనిషి చేయగలిగింది. మిగతాది సమాజం అడగవలసింది. అసంఘటిత పింఛను పథకాల్లో చేరే వయసును 40 నుంచి 55కు పెంచి, ఆలస్యంగా చేరేవారి చందాలో ప్రభుత్వం వాటా వేయాలి. పీఎఫ్ కనీస పింఛను ఆసరా కన్నా తక్కువ ఉండకూడదు. కాంట్రాక్టరు మారినా మనిషి సర్వీసు తెగకూడదు, ఆ బాధ్యత పని చేయించుకునే ప్రధాన యజమానిదే కావాలి. ఆలస్యంగా కొలువులో చేరేవారికి రాష్ట్రం కనీస పింఛనుకు హామీ ఇవ్వాలి. 2024 నవంబర్‌లో మొదలైన తెలంగాణ కులసర్వేలో ఇంటింటి అప్పుల గురించి కూడా అడిగారు. కులాన్నీ, వయసునూ కలిపి ఆ అప్పుల లెక్కను ప్రజల ముందుంచాలి. జనాభాలో ఎవరి వాటా ఎంతో తేలాక, ఏ కులం మనిషి ఏ వయసుకు అప్పు నుంచి బయటపడుతున్నాడో కూడా తేలాలి.

సామాజిక న్యాయాన్ని ఇన్నాళ్లూ ప్రవేశ ద్వారం దగ్గరే కొలిచాం. ఎన్ని సీట్లు, ఎన్ని కొలువులు, ఎన్ని టికెట్లు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను వదలనక్కర్లేదు. దానితోపాటు మరొకటి అడగాలి: ముప్పై ఏళ్లు పనిచేసి ఇంటికి వెళ్లే రోజున ఆ మనిషి చేతిలో ఏముంది? రిజర్వేషన్ ఒక తరాన్ని లోపలికి తెచ్చింది. ఆ తరం ఇప్పుడు యాభైలలో ఉంది. ఖాళీ చేతులతో బయటికి పంపితే వాళ్ల పిల్లల తొలి జీతం మళ్లీ పైకే ఎక్కుతుంది, ఆ పిల్లల ఖాతా కూడా నలభై దాటాకే తెరుచుకుంటుంది.